హార్ట్ బీట్ లేదన్నారు, వాంతులు మాత్రం ఆగలేదు: మాయ కణాలు పనిచేయకపోవడం అంటే ఏంటి?

పెందుర్తి_కుర్రాడు

అందరికీ నమస్తే. కొంచెం పర్సనల్ విషయం, బంధువుల్లో ఎవర్ని అడిగినా అది ఊరంతా తిరిగి మళ్లీ మా ఇంటికే వస్తుంది కాబట్టి ఇక్కడ అడుగుతున్నా.

మా ఆవిడకి ఇలా అవడం ఇది రెండోసారి. మొదటిసారి నెల తప్పిన కొద్ది రోజులకే బ్లీడింగ్ అయిపోయింది, స్కానింగ్ దాకా కూడా వెళ్లలేదు. ఈసారి అంతా బాగానే ఉందనుకున్నాం. పోపు వాసన తగిలితే చాలు బాత్రూమ్‌లోకి పరుగు, మజ్జిగన్నం తప్ప ఏదీ కడుపులో నిలవదు, మా అమ్మ అయితే వాంతులు ఎంత ఎక్కువైతే అంత మంచిదే అని సంబరపడింది కూడా. తొమ్మిదో వారంలో స్కానింగ్‌కి వెళ్తే ఆ డాక్టర్ స్క్రీన్ తన వైపు తిప్పుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, అప్పుడే మాకు అర్థమైపోయింది. రిపోర్టులో సీఆర్‌ఎల్ (అంటే పిండం పొడవు) 8 మి.మీ., సైజు 6 వారాల 5 రోజులు, కార్డియాక్ యాక్టివిటీ లేదు అని రాశారు. కొన్ని రోజులు ఆగి మళ్లీ తీసినా అదే. టాబ్లెట్లు ఇచ్చారు, ఇంట్లోనే అయిపోయింది.

మేడమ్ చెప్పింది ఒకటే మాట, "ప్లాసెంటా (మాయ) కణాలు సరిగా పనిచేసి ఉండవు, మీరు చేసిన తప్పేం లేదు" అని. బయట కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి, ఇంకేం అడుగుతాం, లేచి వచ్చేశాం.

ఇప్పుడు ఇంట్లో గొడవేంటంటే, ఆ స్కాన్‌కి వారం ముందు మేం కారులో అరకు వెళ్లొచ్చాం. "కడుపుతో ఉన్న పిల్లని ఆ ఘాట్ రోడ్డులో తిప్పితే ఇలగ కాక ఇంకెలగవుద్ది" అని మా అమ్మ. దిష్టి అని మా అత్తగారు. మా ఆవిడేమో పక్కింట్లో పెట్టిన బొప్పాయి ముక్క గుర్తు చేసుకుని కుమిలిపోతోంది. నా డౌట్లు రెండే. మాయ కణాలు పనిచేయకపోవడం అంటే అసలు ఏం జరుగుతుంది? లోపల ఎదుగుదల ఆగిపోయినప్పుడు వాంతులు ఎందుకు ఆగలేదు? తెలిసినవాళ్లు కొంచెం అర్థమయ్యేలా చెప్పండి, గూగుల్ చేస్తే అంతా భయపెట్టేదే వస్తోంది.

ఎంవీపీ_కాలనీ_అక్క

తమ్ముడూ, ముందు ఆ అమ్మాయిని రెండు రోజులు పుట్టింటికి పంపించు, లేదా ఇంటికి వచ్చే పరామర్శల్ని నువ్వే గుమ్మంలో ఆపు. నాకూ ఇలా జరిగాకే మా పాప పుట్టింది, ఇప్పుడు హైస్కూల్లో ఉంది. అప్పట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది నొప్పి కాదు, వచ్చిన ప్రతి ఒక్కరూ "బరువులెత్తావా, మెట్లెక్కావా" అని పోలీసుల్లా అడగడం. బొప్పాయి గురించి కూడా ఒక మాట, పచ్చి కాయ పాలల్లో గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉందని ఎలుకల మీద చూశారంటారు గానీ పండిన ముక్క ఒకటి తింటే కడుపు పోదు. కణాల సంగతి నాకు తెలీదు, తెలిసినవాళ్లు చెప్తారు.

ఏయూ_జెనెటిక్స్_బ్యాచ్

పెందుర్తి అన్నా, నేను ఆంధ్రా యూనివర్సిటీలో హ్యూమన్ జెనెటిక్స్ చేశాను, ఇప్పుడు ల్యాబ్‌లో పని. డాక్టర్ని కాదు కాబట్టి మందుల జోలికి పోను, నువ్వడిగిన రెండింటికీ మాత్రం చెప్పగలను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ముందు అరకు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే జవాబు మీ రిపోర్టులోనే ఉంది. స్కాన్ తొమ్మిదో వారంలో, అరకు వెళ్లింది ఎనిమిదిలో. కానీ పిండం సైజు 6 వారాల 5 రోజులు. అంటే మీరు కారెక్కేనాటికే ఎదుగుదల ఆగి వారం పైనే అయింది. తేదీల్లో నాలుగైదు రోజులు అటూ ఇటూ అయినా లెక్క మారదు. ఈ రెండు నంబర్లూ కాగితం మీద రాసి మీ అమ్మగారికి చూపించు. ఘాట్ రోడ్డుకీ దీనికీ సంబంధం లేదు.

ఇక కణాలు. ఫలదీకరణ అయిన ఐదారు రోజులకి పిండం ఒక చిన్న బుడగలా ఉంటుంది, వంద నుంచి రెండొందల కణాలు, అంతే. అందులో లోపల ఒక మూలన గుంపుగా ఉన్నవి బిడ్డ అవుతాయి, చుట్టూ ఉన్న పొర మాయ అవుతుంది. ఆ పొర కణాల్నే ట్రోఫోబ్లాస్ట్ అంటారు. చాలామందికి తెలియని సంగతేంటంటే మొదటి వారాల్లో అసలు పనంతా ఈ పొరదే. గర్భసంచి గోడకి అంటుకునేది అదే, లోపలికి దిగేది అదే, "నేనొచ్చాను, ఈ నెల పీరియడ్ ఆపు" అని తల్లి శరీరానికి కబురు పంపేది కూడా అదే. ఆ కబురే హెచ్‌సీజీ, మనం ఇంట్లో స్ట్రిప్ మీద చూసే రెండో గీత దాని వల్లే వస్తుంది. హెచ్‌సీజీ అందితేనే అండాశయంలో కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అక్కడ మిగిలే చిన్న గ్రంథి) బతికి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారు చేస్తూ ఉంటుంది, ప్రొజెస్టిరాన్ ఉంటేనే గర్భసంచి పొర ఊడిపోకుండా నిలుస్తుంది. దాదాపు ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య ఆ ప్రొజెస్టిరాన్ పనిని కూడా మాయే చేతిలోకి తీసుకుంటుంది. ఈ చేతులు మారే సమయంలో మాయ బలహీనంగా ఉంటే కడుపు నిలవడం కష్టం.

ఈ కణాల్లో రెండు మూడు రకాలున్నాయి. కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయి గోడల్లేని ఒకే పెద్ద పొరగా మారతాయి, దాన్ని సిన్సీషియోట్రోఫోబ్లాస్ట్ అంటారు, హెచ్‌సీజీ తయారయ్యేది అందులోనే. ఇలా కలిసిపోవడానికి కావాల్సిన సిన్సిటిన్ అనే ప్రోటీన్ మనకి ఎక్కడిదో తెలుసా, కోట్ల ఏళ్ల కిందట మన పూర్వీకుల డీఎన్ఏలోకి దూరిన ఒక వైరస్ జీన్ నుంచి. 2000లో ఈ సంగతి బయటపడింది. నేను మొదటిసారి క్లాసులో విన్నప్పుడు సార్ జోక్ చేస్తున్నారనుకున్నా.

ఇంకో రకం కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి అక్కడి మెలికల రక్తనాళాల్ని వెడల్పు చేస్తాయి. వెడల్పు చేయకపోతే రక్తం మున్సిపాలిటీ కుళాయి ప్రెషర్‌లా చిమ్ముతుంది, చేస్తే నెమ్మదిగా వచ్చి మాయ కొమ్మల చుట్టూ నిండుతుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. మొదటి పది వారాల దాకా ఇవే కణాలు ఆ నాళాల మూతుల్ని గుంపుగా చేరి మూసేసి ఉంచుతాయి! తల్లి రక్తం నేరుగా లోపలికి రాదు. అప్పటిదాకా పిండానికి తిండి గర్భసంచి గ్రంథుల్లోంచి ఊరే ద్రవమే. లోపల ఆక్సిజన్ కూడా తక్కువే ఉంటుంది, కావాలనే అలా, ఎందుకంటే ఆ లేత కణాలకి ఎక్కువ ఆక్సిజన్ తట్టుకునే సరంజామా ఇంకా తయారవలేదు. ఎనిమిదో వారంలో దాదాపు 20 మి.మీ. మెర్క్యురీ ఉండే ఆక్సిజన్ ప్రెషర్ పన్నెండో వారానికి 50 దాటుతుంది. మాయ కణాలు చాలినన్ని దిగకపోతే ఈ మూతలు సరిగా పడవు, రక్తం టైమ్‌కి ముందే అన్ని వైపుల నుంచీ వచ్చేస్తుంది, లేత మాయ దెబ్బతిని ఊడిపోతుంది. మొదటి నెలల్లో పోయిన కడుపుల్లో దాదాపు మూడింట రెండొంతుల్లో మాయ బయటి పొర పల్చగా, ముక్కలు ముక్కలుగా కనిపించిందని లండన్‌లో జానియో, కేంబ్రిడ్జ్‌లో బర్టన్ అనే ఇద్దరి పరిశోధనల్లో ఉంది. మీ మేడమ్ ఉద్దేశం బహుశా ఇదే.

వాంతులు ఎందుకు ఆగలేదంటే, బిడ్డ అయ్యే కణాలు వేరు, మాయ అయ్యే కణాలు వేరు కదా. పిండం గుండె ఆగినా మాయ కణాలు కొన్నాళ్లు బతికే ఉంటాయి, హెచ్‌సీజీ వదులుతూనే ఉంటాయి. అది ఉన్నన్నాళ్లూ వికారం, రొమ్ముల నొప్పి, పాజిటివ్ స్ట్రిప్ అన్నీ ఉంటాయి. అందుకే దీన్ని మిస్డ్ మిస్‌క్యారేజ్ అంటారు, శరీరానికి కబురు ఆలస్యంగా అందుతుంది. అంతా అయిపోయాక కూడా రెండు మూడు వారాలు స్ట్రిప్ పాజిటివ్ చూపించొచ్చు, అది చూసి మళ్లీ ఆశ పెట్టుకోవద్దని మా వదినకి, అంటే మీ ఆవిడకి, ముందే చెప్పు.

మరి కణాలు ఎందుకు సరిగా పనిచేయవు అంటే, మొదటి మూడు నెలల్లో పోయిన వాటిలో సగం, ఆపైన కూడా, క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే. ఒక క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు ఉంటే ట్రైసోమీ అంటారు, వాటిలో 16వ క్రోమోజోమ్‌ది అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తప్పు చాలావరకు అండం తయారయ్యేటప్పుడే పడుతుంది, తల్లి వయసు పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. తిండి వల్లో, తిరుగుడు వల్లో వచ్చేది కాదు.

గాజువాక_అన్న

బ్రదర్, పైన చెప్పినదంతా బాగుంది గానీ సైన్స్ చెప్పుకుంటూ కూర్చుంటే పిల్లలు పుట్టరు. మా చెల్లికి కూడా రెండు పోయాయి, మూడోసారికి పొట్ట మీద రోజూ ఇంజెక్షన్, ఆస్పిరిన్, ప్రొజెస్టిరాన్ అన్నీ కలిపి ఇచ్చారు, ఇప్పుడు మేనల్లుడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. ఇంకోచోట భర్త రక్తం తీసి అందులో కణాలు వేరు చేసి భార్యకి ఎక్కించే ట్రీట్‌మెంట్ కూడా ఉందన్నారు, ఇమ్యూనిటీ మాయని తినేయకుండా అంట. అది కూడా కనుక్కో. డబ్బుకి చూసుకోకు.

నైట్‌డ్యూటీ_సిస్టర్

గాజువాక అన్నయ్యా, మీ మేనల్లుడు చల్లగా ఉండాలి, కానీ అందరికీ అదే ప్రిస్క్రిప్షన్ అంటే నేనొప్పుకోను. లేబర్ వార్డులో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను, అవసరం లేని ఇంజెక్షన్లతో పొట్టంతా నీలం మచ్చలు వేసుకుని వచ్చేవాళ్లని చూస్తూనే ఉంటాను.

ఆ పొట్ట మీద ఇచ్చే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ఇంజెక్షన్, ఆస్పిరిన్ నిజంగా పనికొచ్చేది యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి. వాళ్ల రక్తంలో ఉండే యాంటీబాడీలు రక్తం గడ్డకట్టించడమే కాదు, నేరుగా మాయ కణాలకే అంటుకుని వాటిని దిగనివ్వవు. దానికి మూడు టెస్టులుంటాయి, లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీ కార్డియోలిపిన్, బీటా 2 గ్లైకోప్రోటీన్. ఒకసారి పాజిటివ్ వస్తే సరిపోదు, 12 వారాల తర్వాత మళ్లీ చేసి అప్పుడూ వస్తేనే లెక్క. అది లేని వాళ్లకి, కారణం తెలియకుండా పోతున్నవాళ్లకి, ఇంజెక్షన్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఫలితం ఒకటేనని 2010లో నెదర్లాండ్స్‌లో చేసిన ట్రయల్‌లో తేలింది. రక్తం గడ్డకట్టే జబ్బు పుట్టుకతో ఉన్నవాళ్ల మీద 2023లో మళ్లీ చేశారు, ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 72 శాతం మందికి, తీసుకోనివాళ్లలో 71 శాతం మందికి బిడ్డ పుట్టింది. ఒక్క శాతం కోసం రోజూ సూదా?

భర్త రక్తం ఎక్కించే సంగతి అయితే అసలు వద్దు. 1999లోనే అమెరికాలో దాని మీద ట్రయల్ చేస్తే లాభం లేకపోగా ఎక్కించిన వాళ్లలోనే ఎక్కువ కడుపులు పోయాయి. ఇంకా మన దగ్గర వేలకి వేలు తీసుకుని చేస్తున్నారంటే ఏమనాలో తెలియట్లేదు. ఇమ్యూనిటీ మాయని తినేస్తుందన్న మాట కూడా సగమే. గర్భసంచిలో ఉండే ఎన్‌కే, అంటే నేచురల్ కిల్లర్ అనే ఇమ్యూనిటీ కణాలు, పేరుకే కిల్లర్లు, నిజానికి అవి మాయ కణాలు రక్తనాళాల దాకా దిగడానికి సాయం చేస్తాయి. చేతి నుంచి తీసిన రక్తంలో ఎన్‌కే కణాలు కొలిస్తే లోపలి వాటి గురించి ఏమీ తెలీదు, ఆ టెస్టుకి డబ్బు పెట్టకండి.

ప్రొజెస్టిరాన్ మాత్రం కొట్టిపారేయను. బ్రిటన్‌లో ప్రిజమ్ అని పెద్ద ట్రయల్ జరిగింది, 4,153 మంది, 2019లో ఫలితాలు వచ్చాయి. మొదటి నెలల్లో బ్లీడింగ్ కనిపించిన అందర్నీ కలిపి చూస్తే తేడా పెద్దగా లేదు, మందు వాడినవాళ్లలో 75 శాతం మందికి, వాడనివాళ్లలో 72 శాతం మందికి బిడ్డ పుట్టింది. కానీ అంతకు ముందు మూడు, అంతకంటే ఎక్కువ పోయినవాళ్లని విడిగా చూస్తే వాడినవాళ్లలో 72 శాతం, వాడనివాళ్లలో 57 శాతం. అంటే ముందు కడుపు పోయిన చరిత్ర ఉండి, ఈసారి బ్లీడింగ్ కనబడితే వాడటంలో అర్థం ఉంది. బ్లీడింగ్ లేకపోతే, ఊరికే భయానికి వాడితే ఉపయోగం కనబడలేదు, దాని మీద 2015లో ఇంకో ట్రయల్ ఉంది. అదీ మీ మేడమ్‌తో మాట్లాడి, మెడికల్ షాపు అబ్బాయితో కాదు.

మీ ఆవిడ బ్లడ్ గ్రూప్ నెగెటివ్ అయితే యాంటీ డి ఇంజెక్షన్ (తల్లి శరీరం బిడ్డ రక్తానికి ఎదురు యాంటీబాడీలు తయారు చేయకుండా ఆపేది) సంగతి ఇప్పుడే అడగండి, దాన్ని తర్వాత చూద్దాంలే అనుకోకూడదు. బెడ్ రెస్ట్ అని మంచానికి కట్టేయడం వల్ల కూడా లాభమేమీ లేదు. ఆమె పనులు ఆమెని చేసుకోనివ్వండి.

గాజువాక_అన్న

సరే సిస్టర్, రక్తం ఎక్కించే మాట వెనక్కి తీసుకుంటున్నా. చెల్లికి ఆ యాంటీబాడీ టెస్ట్ చేశారో లేదో ఫైల్ తీసి చూడాలి.

పెందుర్తి_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. అరకు లెక్క మా అమ్మకి చూపించా, కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది, ఏమీ అనలేదు గానీ రాత్రి తనే కోడలికి పాలు కాచి ఇచ్చింది. బ్లడ్ గ్రూప్ ఓ పాజిటివ్, అది ఇబ్బంది లేదు.

ఇంకో రెండు ప్రశ్నలు. మా బంధువుల్లో ఒకాయన "అమ్మాయిలో లోపం ఉంది, ఇంకెక్కడైనా చూపించండి" అని పెద్దమనిషిలా సలహా ఇచ్చాడు. నా వైపు నుంచి ఏమీ ఉండే అవకాశమే లేదా? రెండోది, రెండు పోయాక టెస్టులు చేయించాలా, మూడోది దాకా ఆగమంటారా? ఆగడం నా వల్ల కాదు నిజంగా.

ఏయూ_జెనెటిక్స్_బ్యాచ్

ఆ పెద్దమనిషికి ఒక్క విషయం చెప్పు. మాయ తల్లి అవయవం కాదు, అది పిండం నుంచి పుట్టేది, అందులో సగం జీన్స్ నీవి. నిజానికి మాయ పెరగడంలో తండ్రి జీన్స్ చేయి ఎంత ఉందో తెలియాలంటే ముత్యాల గర్భం చూడాలి, డాక్టర్లు మోలార్ ప్రెగ్నెన్సీ అంటారు. కంప్లీట్ మోల్‌లో తల్లి క్రోమోజోములు అసలు ఉండవు, ఉన్నవన్నీ వీర్యకణం నుంచి వచ్చినవే. అప్పుడేమవుతుందంటే బిడ్డ ఉండదు, మాయ మాత్రం గుత్తులు గుత్తులుగా విపరీతంగా పెరిగిపోతుంది, హెచ్‌సీజీ ఆకాశానికి వెళ్తుంది. తండ్రి జీన్స్‌కి ఇందులో పని లేదనేవాళ్లు ముందు ఇది చదవాలి.

ఇంకా, ఇద్దరిలో ఒకరికి బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ ఉండొచ్చు, అంటే రెండు క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకుని ఉంటాయి, మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు, కానీ అండంలోకో వీర్యకణంలోకో వెళ్లేటప్పుడు లెక్క తప్పుతుంది. మళ్లీ మళ్లీ కడుపు పోయే జంటల్లో నూటికి రెండు నుంచి ఐదు జంటల్లో ఇది కనిపిస్తుంది. ఆడవాళ్లకీ ఉండొచ్చు, మగవాళ్లకీ ఉండొచ్చు. అందుకే కారియోటైప్, అంటే క్రోమోజోముల టెస్ట్, చేయిస్తే ఇద్దరికీ చేయిస్తారు, నీ చేతి నుంచీ రక్తం తీస్తారు.

ఆగాలా అంటే, యూరప్ వాళ్ల గైడ్‌లైన్స్ 2017 నుంచి రెండు పోయాకే టెస్టులు మొదలెట్టమంటున్నాయి. సిస్టర్ చెప్పిన మూడు యాంటీబాడీ టెస్టులు, థైరాయిడ్, గర్భసంచి లోపల అడ్డుగోడ లాంటిదేమైనా ఉందా అని ఒక స్కాన్, ఇవి ముందు. మన వైజాగ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు కేజీహెచ్‌లోనూ ఘోషాసుపత్రిలోనూ గైనిక్ ఓపీ ఉంది, ఎక్కడ చేస్తారు ఏమిటి అన్నది అక్కడ అడిగితే చెప్తారు, ప్రైవేటే దిక్కు అనుకోనక్కర్లేదు. ఈ టెస్టులన్నీ చేశాక కూడా దాదాపు సగం జంటలకి కారణం దొరకదు, అది విని డీలా పడొద్దు, కారణం దొరకని వాళ్లలో ఎక్కువమందికి తర్వాత మామూలుగానే బిడ్డ పుడుతుంది.

ఎంవీపీ_కాలనీ_అక్క

నాకూ ఏ కారణం దొరకలేదు. అదే చెబుదామని వచ్చా.

పెందుర్తి_కుర్రాడు

కడుపు పోయినప్పుడు వచ్చిన మాయ ముక్కని క్రోమోజోముల టెస్టుకి పంపించొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆలస్యమైపోయినట్టేగా. దేవుడి దయ వల్ల మళ్లీ అలాంటి అవసరం రాకూడదు గానీ, వస్తే ఎలా పంపాలి?

ఏయూ_జెనెటిక్స్_బ్యాచ్

ఇప్పటికి ఆలస్యమే, దాని గురించి మళ్లీ ఆలోచించొద్దు. రాకూడదనే కోరుకుందాం, కానీ ఇది చదివే మిగతావాళ్లకి కూడా పనికొస్తుంది కాబట్టి చెప్తున్నా.

హాస్పిటల్‌లో మామూలుగా తీసిన ముక్కని కుళ్లకుండా ఉంచే ఫార్మాలిన్ ద్రవంలో వేసి పాథాలజీకి పంపేస్తారు, అలవాటు కొద్దీ. ఫార్మాలిన్‌లో పడితే కణాలు చచ్చిపోతాయి, ఇక కారియోటైప్ కోసం వాటిని పెంచడం కుదరదు. కాబట్టి ముందే చెప్పాలి, ఒక భాగం స్టెరైల్ సెలైన్‌లోనో ల్యాబ్ వాళ్లిచ్చే మీడియంలోనో వేసి ఆ రోజే పంపమని. ఇంట్లో అయ్యే పక్షంలో ముందుగానే ఒక శుభ్రమైన డబ్బా, సెలైన్ ఇప్పించుకోవాలి. ల్యాబ్‌కి వచ్చాక మేం దాన్ని గాజు ప్లేటులో సెలైన్ పోసి మైక్రోస్కోప్ కింద పెట్టి విడదీస్తాం. తల్లి వైపు పొర దళసరిగా, అట్ట కట్టినట్టు ఉంటుంది. మాయ ముక్కలు తెల్లగా, సన్నటి కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుని తేలతాయి. ఆ కొమ్మల్ని మాత్రమే ఏరి టెస్ట్ చేయాలి. ఏరడంలో తొందరపడితే తల్లి కణాలే పెరిగి రిపోర్టు 46, ఎక్స్ఎక్స్ (46 క్రోమోజోములు, ఆడ), నార్మల్ అని వచ్చేస్తుంది, అది చూసి అంతా బాగానే ఉందనుకుంటారు. అందుకే ఎక్స్ఎక్స్ నార్మల్ అని వస్తే, తల్లి కణాలు కలవలేదని చెక్ చేశారా అని ల్యాబ్‌ని అడగాలి. తల్లి రక్తం కూడా ఒక ట్యూబ్ పంపితే పోల్చి చెప్తారు. డీఎన్ఏని చిప్ మీద చూసే మైక్రోఅర్రే టెస్ట్ అయితే కణాలు పెంచే పని లేదు, డీఎన్ఏ ఉంటే చాలు, కాకపోతే ఖర్చెక్కువ, పైగా బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ అందులో కనబడదు, దానికి మీ ఇద్దరి కారియోటైపే దిక్కు.